పైన మబ్బు... కింద నల్లమల

చాంద్రాయణగుట్ట నుంచి బస్సులో వెళితే సగం రోజు. గాల్లో వెళితే గంట కూడా పట్టదు. పాతబస్తీ అంచున మొదలయ్యే శ్రీశైలం దారికి రెండు ముఖాలున్నాయి. ఒకటి నేల మీద, ఒకటి నింగిలో. నేల మీది దారిలో పులులున్నా భయం లేదు. భయమంతా పైదారిలోనే!

చార్మినార్ నుంచి దక్షిణంగా బయల్దేరితే శాలిబండ, అలియాబాద్ దాటగానే గుట్ట మీద తెల్లగా మెరుస్తూ ఫలక్‌నుమా కనిపిస్తుంది. ఆ పేరుకు 'ఆకాశానికి అద్దం' అని అర్థం చెబుతారు. పైగా వంశానికి చెందిన వికారుల్ ఉమ్రా ముచ్చటపడి కట్టించుకున్న ఈ ప్యాలెస్ ఆరో నిజాం మహబూబ్ అలీ పాషాకు తెగ నచ్చేసింది. చివరికి ఆయన సొంతమైంది. 1911లో ఆయన కన్నుమూసిందీ ఇక్కడే. మహబూబ్ అలీ పాషాకు వేటంటే ప్రాణం. పులుల వేటగాడిగా ఆయన గురించి పాతబస్తీలో ఇప్పటికీ కథలు కథలుగా చెప్పుకుంటారు.

ఫలక్‌నుమా దాటితే చాంద్రాయణగుట్ట చౌరస్తా. ఆ పక్కనే నిజాం కొలువులో పనిచేసిన అరబ్బు సైనికుల వారసులుండే బార్కాస్. 'బ్యారక్స్' అన్న మాటే వాడుకలో అలా మారింది. జామపండ్లకు పేరున్న ఊరు. ఇంకాస్త ముందుకెళితే గుట్ట మీద పహాడీషరీఫ్ దర్గా. అక్కడ మెట్ల మీద నిలబడి చూస్తే శంషాబాద్‌లో దిగే విమానాలు కనిపిస్తాయి. తుక్కుగూడ దగ్గర ఔటర్ రింగ్‌రోడ్డు దాటాక నగరం వెనక్కి తగ్గిపోతుంది. కందుకూరు, కడ్తాల్, ఆమన్‌గల్, కల్వకుర్తి, డిండి... ఒక్కో ఊరూ దాటుతుంటే నేల ఎర్రబడుతుంది, చెట్లు చిక్కబడతాయి. మన్ననూరు చెక్‌పోస్టు దగ్గరికొచ్చేసరికి ఎదురుగా నల్లమల!

నిజాం కాలంలో షికారుకు వచ్చేవాళ్లు బస చేసిన ఫరహాబాద్ ఇక్కడే. ఆనందానికి నెలవు అని ఆ పేరుకు అర్థం. వ్యూపాయింట్ దగ్గర నిలబడితే కనుచూపుమేరా పచ్చదనమే. ఆ పచ్చదనం కింద ఏముందో మాత్రం పైనుంచి కనిపించదు. నల్లమల అందమంతా అందులోనే ఉంది. ప్రమాదం కూడా అందులోనే ఉంది.

49 నిమిషాలు

2009 సెప్టెంబరు 2, బుధవారం. ఉదయం 8.38కి బేగంపేట విమానాశ్రయం నుంచి ఓ హెలికాప్టర్ లేచింది. అందులో ముఖ్యమంత్రి వై.ఎస్.రాజశేఖరరెడ్డి, ఆయన కార్యదర్శి, ముఖ్య భద్రతాధికారి, ఇద్దరు పైలట్లు ఉన్నారు. వెళ్లాల్సింది చిత్తూరు జిల్లాకు. 'రచ్చబండ' కార్యక్రమం ఆ రోజే మొదలవ్వాలి. జనం ఎదురుచూస్తున్నారు.

హెలికాప్టర్ పేరు బెల్ 430. రెండింజన్లది. ఒకటి ఆగిపోయినా రెండోదానితో ఎగరగలదు. నడిపేది అనుభవమున్న పైలట్లు. బేగంపేటలో మబ్బులున్నా ఎగరలేనంత కాదు. తీరా కృష్ణమ్మ దాటి నల్లమల మీదికి వచ్చేసరికి ఆకాశం నల్లబడింది. 9.27 తర్వాత హెలికాప్టర్ నుంచి ఉలుకూ పలుకూ లేదు. బయల్దేరి అప్పటికి 49 నిమిషాలు.

అది రంజాన్ నెల. మర్నాడే గణేశ్ నిమజ్జనం. పాతబస్తీకి ఏడాదిలో ఇంత హడావిడి ఉండే రోజులు అరుదు. ముస్లింలలో వెనుకబడిన వర్గాలకు 4 శాతం రిజర్వేషన్ల చట్టం 2007లో తెచ్చిన ముఖ్యమంత్రి కనిపించడం లేదంటే ఈ గల్లీల్లోనూ ఆందోళనే. ఇఫ్తార్ వేళకూ కబురు లేదు. సహరీకి లేచేసరికీ లేదు. రాష్ట్రమంతా టీవీల ముందే కూర్చుంది. అప్పటిదాకా వాతావరణ శాస్త్రవేత్తలకే తెలిసిన ఓ పదం ఆ రాత్రి తెలుగువాళ్లందరి నోటా నానింది... క్యుములోనింబస్!

మబ్బులో ఏముంది?

దూరం నుంచి చూస్తే క్యుములోనింబస్ మేఘం కాలీఫ్లవర్‌లా ముచ్చటగా ఉంటుంది. అడుగుభాగం కొండలను తాకుతూ ఉంటే, తల పది పన్నెండు కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. ఉరుములు, మెరుపులు, వడగళ్లు పుట్టేది ఇందులోనే. లోపల గాలి రెండు రకాలుగా పరుగులు పెడుతుంది. వేడిగాలి పైకి ఎగదన్నుతుంది. వానతో పాటు చల్లబడ్డ గాలి బరువెక్కి కిందికి దూసుకొస్తుంది. ఆ కిందికి తోసే గాలిలో చిక్కుకుంటే, రెక్కలు ఎంత గట్టిగా తిరిగినా హెలికాప్టర్‌ను నేల వైపు నొక్కేస్తుంది. మైదానంలో అయితే తేరుకోవడానికి కాస్త ఎత్తు మిగులుతుంది. కొండల మీద ఆ ఎత్తే ఉండదు.

ప్రమాదంపై ఆర్.కె.త్యాగి నాయకత్వంలోని నిపుణుల కమిటీ దర్యాప్తు చేసింది. శిథిలాల్లో దొరికిన కాక్‌పిట్ వాయిస్ రికార్డర్ వాళ్లకు ప్రధాన ఆధారం. కిందికి తోసే బలమైన గాలిలోకి ప్రవేశించడంతో హెలికాప్టర్ అదుపు తప్పి, విపరీతమైన వేగంతో నేలను ఢీకొందని కమిటీ తేల్చింది. దానికి ముందు ఏం జరిగిందన్నదీ చెప్పింది. ట్రాన్స్‌మిషన్ ఆయిల్ ప్రెషర్‌లో ఏదో తేడా ఉన్నట్టు కాక్‌పిట్‌లో హెచ్చరిక కనిపించింది. ఏం చేయాలో చూడ్డానికి పైలట్లు చెక్‌లిస్టు పుస్తకంలో వెతుకుతూ కొన్ని విలువైన నిమిషాలు గడిపేశారు. బయట వాతావరణం చెడుతున్నా, వెనక్కి తిరగాలనో దారి మళ్లాలనో నిర్ణయం జరగలేదు.

ఒక చిన్న దీపం మీద ధ్యాస పోయింది. ఒక పెద్ద మబ్బు మీద ఉండాల్సిన ధ్యాస తగ్గింది. విమానయానంలో ఇది కొత్త కథేం కాదు. ప్రపంచంలో ఎన్నో దర్యాప్తు నివేదికల్లో ఇలాంటి వాక్యాలే కనిపిస్తాయి.

ఆకులే పరదా

హెలికాప్టర్ జాడ తెలియలేదనగానే దేశంలో అందుబాటులో ఉన్న సాధనాలన్నీ నల్లమల వైపు తిరిగాయి. వైమానికదళం హెలికాప్టర్లు బయల్దేరాయి. సుఖోయ్ యుద్ధ విమానాన్నీ రంగంలోకి దింపారు. ఇస్రో తన ఉపగ్రహాలతో ఫొటోలు తీయించింది. వేలమంది సీఆర్‌పీఎఫ్ జవాన్లు, పోలీసులు, అటవీ సిబ్బంది నడక దారి పట్టారు. వాళ్లకు ముందు నడిచింది అడవిలో పుట్టి పెరిగిన చెంచులు.

అయినా దాదాపు ఒక రోజు పట్టింది!

కారణం తెలుసుకోవాలంటే నల్లమలను రెండు కాలాల్లో చూడాలి. ఇది ఆకురాల్చే అడవి. మార్చి, ఏప్రిల్ నెలల్లో నల్లమద్ది, ఏగిస, టేకు చెట్లు చాలావరకు మోడులై ఉంటాయి. పైనుంచి చూస్తే నేల, బండలు, ఎండుటాకులు కనిపిస్తాయి. అదే సెప్టెంబరులో చూస్తే... వానలకు చిగురించిన కొమ్మలు ఒకదాంతో ఒకటి అల్లుకుని పందిరి వేసినట్టుంటాయి. కింద వెదురు పొదలు, తీగలు. పెద్ద లారీ పడిపోయినా ఆ పందిరి మూసేస్తుంది. పైగా వాన, మబ్బు, పొగమంచు. లోయలోకి దిగి వెతకబోయే హెలికాప్టర్‌కూ అదే ప్రమాదం పొంచి ఉంటుంది.

సెప్టెంబరు 3 ఉదయం వైమానికదళ హెలికాప్టర్‌కు కర్నూలుకు తూర్పున, రుద్రకోడూరు సమీపంలోని కొండ మీద శిథిలాలు కనిపించాయి. దిగేందుకు జాగా లేదు. కమాండోలు తాళ్ల మీద జారి కిందికి దిగాల్సి వచ్చింది. ఐదుగురిలో ఎవరూ బతికి లేరు. ఆ కొండ పేరు పావురాలగుట్ట. అప్పటివరకు చుట్టుపక్కల ఊళ్లకు తప్ప ఎవరికీ తెలియని పేరు ఒక్క పూటలో దేశమంతా తెలిసింది.

ఏడాది ముందు... మరో అడవి

ఇదే తరహా హెలికాప్టర్, ఇదే హైదరాబాద్, ఇదే వానాకాలం. కాకపోతే ఏడాది ముందు. 2008 ఆగస్టు 3న హైదరాబాద్ నుంచి రాయ్‌పూర్ బయల్దేరిన బెల్ 430 హెలికాప్టర్ దారిలో మాయమైంది. ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వ అవసరాల కోసం వెళ్తున్న అందులో నలుగురున్నారు. ఆంధ్రప్రదేశ్, ఛత్తీస్‌గఢ్ సరిహద్దు అడవులన్నీ గాలించారు. రోజులు వారాలయ్యాయి. వారాలు నెలలయ్యాయి. చివరికి నవంబరులో, వానలు వెనకపట్టాక, అప్పటి ఖమ్మం జిల్లా అడవుల్లో ఓ కొండ మీద శిథిలాలు బయటపడ్డాయి.

మూడు నెలలు! ముఖ్యమంత్రి కోసం ఉపగ్రహాలు, యుద్ధ విమానాలు కదిలితే ఒక రోజు పట్టింది. వార్తల్లోంచి తొందరగా జారిపోయిన నలుగురి కోసం వాళ్ల కుటుంబాలు మూడు నెలలు గుమ్మం వైపు చూస్తూ గడిపాయి. ఈ రెండు సంఖ్యలను పక్కపక్కన పెట్టి చూస్తే, అడవిలో కూలిన హెలికాప్టర్‌ను కనిపెట్టడం ఎంత కష్టమో అర్థమవుతుంది. ఎవరి కోసం ఎంత వెతుకుతామన్నదీ అర్థమవుతుంది.

తెలుగువాళ్లకు అంతకుముందే ఒక గాయం ఉంది. 2002 మార్చి 3న లోక్‌సభ స్పీకర్ జి.ఎం.సి.బాలయోగి భీమవరం నుంచి హైదరాబాద్‌కు వస్తూ కృష్ణాజిల్లా కైకలూరు సమీపంలోని కొవ్వాడలంక దగ్గర హెలికాప్టర్ ప్రమాదంలో కన్నుమూశారు. అది అడవి కాదు, చేపల చెరువు. అక్కడ జాడ కోసం వెతుక్కోవాల్సిన పని పడలేదు. చుట్టూ ఊళ్లు, చెరువుగట్ల మీద జనం ఉండే ప్రాంతం మరి. జనం ఉన్నచోట ప్రమాదం దాగదు. అడవిలో దాగుతుంది. తేడా అంతా అక్కడే.

పెట్టె అరిచినా...

విమానాలు, హెలికాప్టర్లలో ఈఎల్‌టీ అని ఓ చిన్న పెట్టె ఉంటుంది. పడిపోయిన అదురుకు దానంతటదే మేల్కొని 'నేనిక్కడున్నా' అంటూ రేడియో సంకేతం పంపడం దాని పని. ఉపగ్రహాలు ఆ సంకేతాన్ని పట్టుకుంటాయి. బెంగళూరులోని ఇస్రో కేంద్రానికి కబురు చేరుతుంది. అక్కణ్నుంచి సహాయ బృందాలకు. వినడానికి చాలా తేలిగ్గా ఉంది కదూ!

పాత పెట్టెలు 121.5 మెగాహెర్ట్జ్ మీద అరిచేవి. వాటితో తప్పుడు సంకేతాలు ఎక్కువ. అందుకే 2009 ఫిబ్రవరి 1 నుంచి ఉపగ్రహాలు ఆ అరుపు వినడం మానేశాయి. ఇప్పుడు వినేది 406 మెగాహెర్ట్జ్ పెట్టెల గొంతునే. అది ఏ విమానానిదో కూడా ఆ గొంతు చెబుతుంది. అయితే కూలినప్పుడు యాంటెన్నా విరిగినా, మంటల్లో పెట్టె కాలిపోయినా అంతే సంగతులు. లోతైన లోయల్లో సంకేతం కొండ చాటున ఉండిపోవచ్చు. ఇక సెల్‌ఫోన్ అంటారా, మన్ననూరు దాటిన తర్వాత చాలాచోట్ల సిగ్నల్ గీతలు ఒక్కటొక్కటిగా మాయమవడం శ్రీశైలం వెళ్లే భక్తులందరికీ అనుభవమే.

అడవి పనికి వెళితే

ముఖ్యమంత్రులో, మంత్రులో ప్రయాణిస్తేనే అడవి మీది ప్రమాదాలు మనకు తెలుస్తాయి. కానీ ప్రపంచంలో అడవి పనికోసమే రోజూ వేల గంటలు ఎగిరే హెలికాప్టర్లున్నాయి. కెనడా, అమెరికాల్లో రోడ్లు లేని కొండల మీద నరికిన దుంగల్ని హెలికాప్టర్‌కు పొడవాటి తాడు కట్టి మోస్తారు. పైలట్ పక్క కిటికీలోంచి తల బయటికి పెట్టి, కిందికి చూస్తూ నడపాలి. ఒక్కోటి టన్నుల బరువుండే దుంగలు. ఎత్తడం, దించడం, మళ్లీ ఎత్తడం... పొద్దుటి నుంచి సాయంత్రం దాకా అదే పని. ఇంజన్ ఏ కాస్త తడబడినా దిగడానికి కింద చదునైన నేల ఉండదు. అన్నీ చెట్లే.

మామూలుగా హెలికాప్టర్‌లో ఇంజన్ ఆగిపోతే రెక్కలు వెంటనే ఆగిపోవు. కిందికి దిగుతున్నప్పుడు వీచే గాలికే అవి తిరుగుతూ ఉంటాయి. ఆ ఊపుతో పైలట్ మెల్లగా దించగలడు. దానికి రెండు కావాలి. చేతిలో కాస్త ఎత్తు, కింద కాస్త ఖాళీ జాగా. దుంగల పనిలో రెండూ ఉండవు.

అలాస్కా ఆగ్నేయ ప్రాంతంలో 1992 జనవరి నుంచి 1993 జూన్ వరకు, అంటే ఏడాదిన్నరలో, దుంగలు మోసే పనిలో 6 హెలికాప్టర్లు కూలి 9 మంది చనిపోయారు. విచారిస్తే తేలింది దేవుడి లీల కాదు. మోయగలిగిన దానికంటే ఎక్కువ బరువు, సరైన మరమ్మతులు లేకపోవడం, తగిన శిక్షణ లేని సిబ్బంది. కంపెనీలు, ప్రభుత్వ విభాగాలు కూర్చుని నియమాలు గట్టి చేశాక ప్రమాదాలు బాగా తగ్గాయి.

2008 ఆగస్టు 5న కాలిఫోర్నియా అడవుల్లో మంటలార్పే సిబ్బందిని తీసుకెళ్తున్న పెద్ద హెలికాప్టర్ లేస్తూనే చెట్లను తాకి కూలింది. 9 మంది చనిపోయారు. కాగితాల మీద రాసిన బరువుకూ అసలు బరువుకూ తేడా ఉందని, ఆ ఎత్తులో, ఆ ఎండలో ఇంజన్ మోయగలిగిన దానికన్నా ఎక్కువ ఎక్కించారని దర్యాప్తులో తేలింది. వేడిగాలి పలచన. పలచని గాలిలో రెక్కలకు పట్టు తక్కువ. వేసవిలో మంటలార్పడానికి వెళ్లే హెలికాప్టర్లన్నింటికీ ఉన్న చిక్కే ఇది.

మన దగ్గరా అడవి మంటలకు హెలికాప్టర్లు వచ్చాయి. 2014 మార్చిలో తిరుమల శేషాచలం అడవులు అంటుకున్నప్పుడు వైమానికదళం హెలికాప్టర్లతో నీళ్లు చల్లించారు. కింద పెద్ద బకెట్ వేలాడదీసి, జలాశయంలో ముంచి, మంటల మీద కుమ్మరించడం ఈ పద్ధతి. చూసేవాళ్లకు అబ్బురం. నడిపేవాళ్లకు మాత్రం పొగ, వేడిగాలి, కొండ, వేలాడే బరువు... నాలుగు శత్రువులు ఒకేసారి.

నల్లమలలో ఇప్పటికీ మంటలార్పే పని ఎక్కువగా నడిచేది నేల మీదే. ఫిబ్రవరి రాకముందే ఫైర్‌లైన్లు గీస్తారు. అంటే ఎండుటాకులు ఊడ్చి మంట దాటకుండా ఖాళీ బాటలు చేయడం. బేస్‌క్యాంపుల్లో ఉండే కాపలాదారులు పచ్చి కొమ్మలతో, బ్లోయర్లతో మంటలు అణుస్తారు. వాళ్లలో చాలామంది చెంచులే.

మళ్లీ హెలికాప్టర్ చప్పుడు

2025లో నల్లమల మరోసారి వార్తల్లోకి ఎక్కింది. ఫిబ్రవరి 22న దోమలపెంట దగ్గర ఎస్‌ఎల్‌బీసీ సొరంగం కుప్పకూలి 8 మంది లోపల చిక్కుకుపోయారు. ఆ తర్వాత సొరంగం దారిలో భూగర్భం ఎలా ఉందో తెలుసుకోవడానికి, నవంబరులో హైదరాబాద్‌లోని ఎన్‌జీఆర్‌ఐ ఆధ్వర్యంలో హెలికాప్టర్ సర్వే మొదలైంది. హెలికాప్టర్ కింద పెద్ద వలయం లాంటి పరికరాన్ని వేలాడదీసి, అడవి మీద ఎగురుతూ నేల లోపలి పొరల్ని చదవడం ఈ సర్వే పద్ధతి.

ఇలాంటి పనికి తక్కువ ఎత్తులో, నెమ్మదిగా, ఒకే గీత మీద ఎగరాలి. కింద వేలాడే బరువు ఊగకుండా చూసుకోవాలి. పైగా ఇది పులుల అడవి. 1983లో ప్రాజెక్ట్ టైగర్‌లో చేరిన నాగార్జునసాగర్-శ్రీశైలం అభయారణ్యం 2014లో రాష్ట్ర విభజనతో రెండైంది. తెలంగాణ వైపు 2,611 చదరపు కిలోమీటర్ల అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ ఏర్పడింది. దారుల్లేని చోట్ల సర్వేలకు, తనిఖీలకు, సహాయానికి హెలికాప్టర్ అవసరం రేపు ఇంకా పెరుగుతుందే తప్ప తగ్గదు. మనిషి ఎక్కనవసరం లేని పనుల్లో డ్రోన్లు వచ్చేస్తున్నాయి. విత్తనాలు చల్లడం, మంటల జాడ కనిపెట్టడం లాంటివి వాటితో చేయిస్తే డ్రోన్ కూలినా ప్రాణం పోదు. అడవి మీది గగనతలంలో ఇదో మంచి మార్పు.

ముందు చేరేది ఊరివాళ్లే

2021 డిసెంబరు 8. తమిళనాడులోని కూనూరు దగ్గర మన త్రివిధ దళాధిపతి జనరల్ బిపిన్ రావత్ ప్రయాణిస్తున్న ఎంఐ-17 హెలికాప్టర్ కూలింది. 14 మంది ప్రాణాలు పోయాయి. వాళ్లలో చిత్తూరు జిల్లా నుంచి వెళ్లిన ఓ యువ సైనికుడూ ఉన్నాడు. లోయలో వాతావరణం ఉన్నట్టుండి మారి, హెలికాప్టర్ మబ్బులోకి వెళ్లిపోయిందని, పైలట్‌కు దిక్కు తెలియని స్థితి ఏర్పడిందని విచారణలో తేల్చారు. మబ్బులో కళ్లకు ఆనవాలు దొరకదు. పైకి వెళ్తున్నామో, పక్కకు ఒరిగామో శరీరం తప్పు చెబుతుంది. పనిముట్లను నమ్మాలి తప్ప ఒంటిని నమ్మకూడదు. అక్కడ మంటల దగ్గరికి మొదట పరుగెత్తింది పక్క ఊరివాళ్లు. ఇళ్లలోని దుప్పట్లు తెచ్చి క్షతగాత్రుల్ని మోశారు.

2011లో అరుణాచల్ ముఖ్యమంత్రి దోర్జీ ఖండూ హెలికాప్టర్ శిథిలాలు దొరకడానికి ఐదో రోజు వచ్చింది. 2024 మే 19న ఇరాన్ అధ్యక్షుడు ఇబ్రహీం రైసీ హెలికాప్టర్ పొగమంచు కమ్మిన అటవీ కొండల్లో కూలితే సహాయ బృందాలు రాత్రంతా వెతకాల్సి వచ్చింది. దేశాలు వేరు, కొండలు వేరు. కథ మాత్రం ఒక్కటే. మబ్బు, కొండ, వెళ్లి తీరాలన్న తొందర.

ఈ కథలో మన దగ్గరున్న పెద్ద బలం ఏంటంటే... అడవిలో మనుషులున్నారు! చెంచుల ఊళ్లను 'పెంటలు' అంటారు. అప్పాపూర్, రొళ్లపెంట, బైర్లూటి... ఇలా కృష్ణకు అటూ ఇటూ విస్తరించి ఉన్నాయి. కొండచరియలకు తాళ్లు కట్టి వేలాడుతూ తేనె తీయడం వీళ్ల విద్య. శ్రీశైలం మల్లన్నను చెంచు మల్లయ్యగా, తమ ఇంటి అల్లుడిగా కొలుచుకుంటారు. నిజాం ప్రభుత్వ కాలంలో 1940లో వీళ్ల మధ్య తిరిగి అధ్యయనం చేసిన హైమెన్‌డార్ఫ్ 1943లో వీళ్ల గురించి పెద్ద పుస్తకమే తెచ్చారు. ఏ బండ దగ్గర నీటిచెలమ ఉందో, ఏ వాగు ఎప్పుడు దాటొచ్చో, ఏ వాసన ఎటునుంచి వస్తుందో వీళ్లకు తెలిసినంత ఏ యంత్రానికీ తెలియదు.

ఉపగ్రహం అడవిని పైనుంచి చూస్తుంది. చెంచు లోపల్నుంచి చూస్తాడు. వెతుకులాటలో రెండు చూపులూ కావాలి. పెంటల్లో ఒక్కో వైర్‌లెస్ సెట్, ఏ వింత చప్పుడు విన్నా ఎవరికి చెప్పాలో తెలిసిన ఇద్దరు యువకులు, వాళ్లకు ప్రథమ చికిత్సలో కాస్త శిక్షణ ఉంటే... ఖర్చు ఎంతని? యుద్ధ విమానాన్ని ఒక్కసారి పైకి లేపే ఖర్చుతో పోలిస్తే అది లెక్కలోకే రాదు.

తిరిగి రావడమూ ప్రయాణమే

శ్రీశైలం దగ్గర కృష్ణను దాటి, శిఖరం మీదుగా దోర్నాలకు దిగి, అక్కణ్నుంచి ఆత్మకూరు దారి పడితే మళ్లీ అడవే. రోడ్డుకు రెండు వైపులా చెట్లు, ఎక్కడికక్కడ పులుల హెచ్చరిక బోర్డులు. ఆత్మకూరు సమీపంలోని నల్లకాల్వ దగ్గర వై.ఎస్. పేరిట స్మృతివనం ఉంది. అప్పటి కర్నూలు జిల్లా, 2022 నుంచి నంద్యాల జిల్లా. తోటలో రకరకాల మొక్కలు పెంచారు. వచ్చినవాళ్లు పూలు చూసి, ఫొటోలు తీసుకుని, దూరంగా కనిపించే కొండల వైపు చూస్తారు. పావురాలగుట్ట అటువైపే. అక్కడికి మామూలు దారి లేదు. అడవి తన పని తాను చేసుకుపోయింది. విరిగిన కొమ్మల చోట ఎప్పుడో కొత్తవి వచ్చాయి.

మన్ననూరు, దోమలపెంట మధ్య రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా వాహనాలు ఆపేస్తారు. జంతువులు తిరిగే వేళ అది. చెక్‌పోస్టు దగ్గర ఆలస్యంగా చేరిన వాళ్లు ఎంత బతిమాలినా గేటు లేవదు. కాసేపు విసుక్కుంటారు, తర్వాత అక్కడే టీ తాగి, బండిలోనే కునుకు తీసి, తెల్లారాక బయల్దేరతారు. ఎవరి కొంపా మునగదు. నేల మీది దారికి ఇలాంటి గేటు ఉంది. మీ హోదా ఏమిటని అది అడగదు.

పైదారికి గేటు లేదు. అక్కడ మబ్బును చూసి 'ఇక వద్దు, వెనక్కి వెళదాం' అనాల్సింది పైలటే. ఆ మాట అన్నందుకు అతణ్ని ఎవరూ నిలదీయకుండా చూడాల్సింది కూర్చుని వెళ్లేవాళ్లు, కింద ఎదురుచూసేవాళ్లు, సభ ఏర్పాట్లు చేసినవాళ్లు. పెద్దల కార్యక్రమం ఒక రోజు వాయిదా పడితే మర్నాటి పేపర్లో చిన్న వార్త. అంతే. 2009 సెప్టెంబరు 3న వచ్చిన వార్త కన్నా అదే ఎంతో నయం కదా!